డాక్టరు మామ టైరు చెప్పులు

డాక్టరు మామ పోయాడన్న కబురు నాకు కుప్పంలో తెలిసింది. కాలేజీలో మొదటి క్లాసుకు మెట్లెక్కుతుంటే మదనపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసింది. "పాపా, మీ మామ నిద్దట్లోనే పోయినాడంట. నాకు మోకాళ్లు ల్యాయడంల్యా. నువ్వన్నా పో, నా దండం కూడా నువ్వే పెట్టు," అంది. ఇంకేదో అనబోయి పెట్టేసింది. పుంగనూరు బస్సులో కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. ఆయన నన్ను నవ్వించిన మాటలే గుర్తుకొచ్చాయి, పాడు బుద్ధి. కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను కూడా.

మామ అంటే చుట్టం కాదు. పుంగనూరులో మా పక్కింటి పశువుల డాక్టరు. నాన్న పోయాక అమ్మా నేనూ మదనపల్లెకు మారిపోయాం గానీ, ఆ వరస మాత్రం చెడలేదు. మనుషుల్ని ఎడాపెడా తిట్టేవాడు. ఆవుల దగ్గర మాత్రం ఎక్కడలేని మర్యాద. కొట్టంలో అడుగు పెడుతూనే, "ఏమ్మా, బాగుండావా? మేత తింటాండావా?" అని పలకరించి, ఆ తర్వాతే చెయ్యి వేసేవాడు. జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలు ఉండేవి. నాకు పెట్టేవాడు, మందలించేవాడు, మళ్లీ పెట్టేవాడు.

మా వైపు పాడి ఆవును కొనేవాళ్లు సంతలో చూసి పగ్గం పట్టుకోరు. అమ్మేవాళ్ల ఇంట్లోనే ఆ రాత్రి పడుకుని, సాయంత్రం పాలూ పొద్దుటి పాలూ కళ్లారా చూసి బేరం ఖాయం చేసుకుంటారు. మామను తోడు పిలుచుకుపోయేవాళ్లు. ఒకసారి మా వీధిలో ఒక ఆవును చూడ్డానికి రామసముద్రం నుంచి వచ్చిన రైతు తొందరపడ్డాడు. "ఒక పూట సూస్తే సాలదా సార్? పొదుగు నిండుగా ఉండాది కదా!"

"ముందు పూట పిండకుండా నిలిపితే ఎవురి ఆవుకైనా పొదుగు నిండుగానే ఉంటాదప్పా."

"తక్కువ ఇచ్చినా తెలిసిపోతాది కదా సార్?"

"కొత్త మొగం ఎదురుగా నిలబడుకుంటే ఆవు పాలు సేపదు, పొదుగులోనే బిగబట్టుకుంటాది. అది ఆవు తప్పా? నీ మొగం తప్పు. పోయి ఆ మూల కూసో."

రైతు నిజంగానే మూలకు పోయి కూర్చున్నాడు. నేను లంగా జాకెట్లో ఆ ఇంటి అరుగు మీద ఉన్నాను. నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తాను.

అంత ఓపిక గల మనిషి, ఒక దేశం దగ్గరికొచ్చేసరికి తప్పటడుగు వేశాడు.

తొంభైల్లో పాడి పశువుల పని మీద కొందరు డాక్టర్లను ఇథియోపియాకు పంపారు. అందులో మామా ఉన్నాడు. రెండు వారాలు తిరిగొచ్చాడు. మా ఊళ్లో అంత దూరం పోయినవాడు అప్పటికి ఆయనొక్కడే. వచ్చిన సాయంత్రమే వీధి వీధంతా అరుగు మీదికి చేరింది. ఆయన చెప్పింది బూట్ల కథ. అక్కడ ఒక కాఫీ అంగడి ముందు నిలబడితే లోపల నేలంతా పచ్చగడ్డి పరిచి ఉందట. గుప్పుమని సాంబ్రాణి పొగ. ఒకావిడ తెల్లబట్ట కట్టుకుని నిప్పుల ముందు కూర్చుని ఉందట. అక్కడ కాఫీ పోసే పద్ధతే అదని తెలియక, ఇదేదో పూజ అనుకుని, మా మామ కొత్త బూట్లు వీధి మెట్టు మీద విడిచి, చేతులు కట్టుకుని భక్తిగా లోపలికి పోయాడు. కాఫీ తాగి వచ్చేసరికి బూట్లు లేవు!

"ఆవుల డాక్టరు గడ్డి సూసి మోసపోయినాడప్పో!" అని వీధంతా పడీ పడీ నవ్వింది. మామకు ఆ నవ్వు రుచి మరిగింది. పాలకేంద్రంలో, పెళ్లిళ్లలో, బస్టాండులో అదే కథ చెప్పాడు. చెప్పేకొద్దీ బూట్లు ఖరీదైనవయ్యాయి, దొంగలు ముగ్గురయ్యారు. పుంగనూరులో ఇథియోపియా అంటే బూట్లు కొట్టేసే దేశమని ఖాయమైపోయింది.

కొన్నేళ్లకు ఆ కథ తిరిగి తిరిగి నా నెత్తిన పడింది. కుప్పంలో అప్పట్లో నాది ప్రతి జూన్‌లోనూ ఉంటుందో ఊడుతుందో తెలియని లెక్చరరు పని. ఇథియోపియాలో ఒక కాలేజీవాళ్లు ఫిజిక్సు చెప్పడానికి రమ్మన్నారు. నిలకడగా మూడేళ్ల పని. సొంత లాబు కూడా ఇస్తామన్నారు. ఎగిరి గంతేశాను. అమ్మ మాత్రం పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "వద్దు," అంది.

"యాలమ్మా?"

"కాళ్లకుండే బూట్లే ఇడిసిపెట్టరంట. ఆడబిడ్డను ఇడిసిపెడతారా? మీ మామే కదా సెప్పినాడు. కండ్లారా సూసొచ్చిన మనిషి."

ఎంత చెప్పినా వినలేదు. జవాబు రాయడానికి గడువు దగ్గరపడింది. నాకు ఏడుపొచ్చింది. కోపం వచ్చింది. చివరికి పుంగనూరుకు ఫోన్ చేసి మామ మీద విరుచుకుపడ్డాను. "నీ బూట్ల కథ నా నోట్లో మట్టి కొట్టింది మామా!" అన్నాను. ఆయన "రేపు వస్తా," అని మాత్రం అన్నాడు.

మర్నాడు మొదటి బస్సుకే మదనపల్లెలో దిగాడు. గుమ్మంలో ఆయన కాళ్లు చూసి అమ్మ నోరు నొక్కుకుంది. "ఇదేమన్నా, సేద్యగాని మాదిరి టైరు సెప్పుల్లో వచ్చినావు?"

"ఇవి ఆ దేశానివే సెల్లెమ్మా."

మా వైపు రైతులు తొడిగే టైరు చెప్పుల్లాగే ఉన్నాయవి. కొట్టాల్లోకి పోయేటప్పుడు ఆయన ఎన్నో ఏళ్లుగా అవే వేసుకుంటున్నాడు. ఇక్కడివే అనుకుని ఎవరూ అడగలేదు.

ఆయన గోడకానుకుని కూర్చుని, ఆ కథలో ఎప్పుడూ చెప్పని సగం చెప్పాడు. బూట్లు పోయాయని తెలియగానే కాఫీ పోసిన ఆవిడ తలబాదుకుందట. వీధిలో నిలబడి నలుగురినీ కేకలేసిందట. ఈయన్ని మళ్లీ కూర్చోబెట్టి ఇంకో కప్పు తాగించి, లోపలికి పోయి తన మొగుడి టైరు చెప్పులు తెచ్చిందట. ఆవిడ చంటిబిడ్డను వీపున కట్టుకుని హోటలు దాకా తోడొచ్చి దిగబెట్టిందట. దారి పొడవునా ఏదో చెబుతూనే ఉందట. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, "మా ఊరిని తప్పుగా అనుకోవద్దు," అనే చెబుతోందని ఆయనకు తెలిసిందట.

అమ్మ ఆ చెప్పుల వైపు చూసింది. "మరి ఇన్నాళ్లూ ఇది యాల సెప్పలేదన్నా?"

"ఇది సెప్తే ఎవురు నవ్వుతారమ్మా?" అన్నాడు. "మన ఊరి కల్యాణమండపం కాడ నా సెప్పులు ఎన్నిసార్లు పోలేదు? పుంగనూరు దొంగల ఊరని ఎప్పుడన్నా అంటినా? ఆ తల్లి ఊరిని మాత్రం అన్నా. ఊరూరా తిరిగి అన్నా."

అమ్మ మెత్తబడింది. "అయితే మంచి దేశమే అంటావు. పంపించొచ్చంటావు."

ఆ క్షణంలో ఔనని ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. నేను కళ్లతోనే బతిమాలుతున్నాను. మామ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"అదీ సెప్పలేనమ్మా. ఆవును కొనాలంటేనే రెండు పూటలు సూస్తా. అంత దేశాన్ని రెండు వారాలు సూసినా, అదీ వాళ్లు సూపించిన కాడికి. బూట్లు తీసుకున్నోడు ఒకడు, సెప్పులు ఇచ్చినామె ఒకామె. ఇద్దర్నే ఎరుగుదును నేను. పాప పోయి మూడేండ్లు ఉండనీ. అప్పుడు దాన్ని అడుగుదాం."

చెడగొట్టేశాడే అనుకున్నాను. అమ్మ లేచి ఆయనకు కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు చేతికిస్తూ, "మంచిదని నువ్వు అనింటే నమ్మేదాన్ని కాదన్నా. తెలీదన్నావు సూడు, దానికే పంపిస్తాండా," అంది.

వెళ్లాను. అక్కడ తోటి లెక్చరరు ఒకాయన, ఆ దేశంవాడే, ఒకప్పుడు ఢిల్లీలో వారం రోజులు ఉండి వచ్చాడు. స్టాఫ్ రూములో ఎవరు కొత్తగా వచ్చినా, ఇండియాలో ఆటోవాడు తనను ఊరంతా తిప్పి, ఎక్కిన చోటే దించిన కథ చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆదివారం ఫోనులో మామతో మొరపెట్టుకున్నాను. "వాడు నా అన్న!" అని పగలబడి నవ్వాడు. "కొట్లాడొద్దు పాపా. ఇంటికి పిలిచి చిత్రాన్నం పెట్టు. ఇంకో కథ తీసకపోనీ," అన్నాడు. పెట్టాను. ఆటో కథ ఆగలేదు గానీ, దాని చివర చిత్రాన్నం చేరింది. మూడేళ్లకు తిరిగొచ్చాక మామ అడిగాడు, "ఇప్పుడు సెప్పు, ఎట్లాంటి దేశం?" నేనెరిగిన మనుషుల గురించి చెబుతూ పోయాను. చీకటి పడింది గానీ, దేశం ఎట్లాంటిదో నాకు చెప్పడం చేతకాలేదు. ఆయన శనక్కాయలు నా దోసిట్లో పోసి, "పాసైనావు," అన్నాడు.

పుంగనూరు చేరేసరికి ఇంటి ముందు రెండు వైపులా చెప్పుల గుట్ట. రామసముద్రం నుంచీ రైతులు వచ్చారు. పాదాలు తాకి అమ్మ దండమూ నా దండమూ పెట్టినప్పుడు ఏడుపు ఇక ఆగలేదు. తనకు తెలీదని ఒప్పుకునే నాకు దారి ఇచ్చిన మనిషి ఆయన. అన్నీ అయ్యాక సాయంత్రం బయటికొస్తే నా చెప్పులు కనిపించలేదు. ఆ జనంలో ఎవరు వేసుకుపోయారో. అత్త, మామ భార్య, అది చూసింది. ఏడ్చి ఏడ్చి వాచిన ముఖంతోనే లోపలికి పోయి ఆ టైరు చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది.

"వేసుకో తల్లీ. ఊర్లు తిరిగి పుంగనూర్లో సెప్పులు పోతాయని మాత్రం సెప్పొద్దు," అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె నా భుజం మీద తల పెట్టి భోరుమంది.

ఆ చెప్పులు నాకు పెద్దవి. బస్టాండు దాకా కాళ్లీడ్చుకుంటూ నడిచాను. మదనపల్లెలో దిగి ఇంటి మెట్టు దగ్గర వాటిని విడవబోతుంటే, అమ్మ మోకాళ్లు పట్టుకుంటూనే లేచి వచ్చింది. "బయట ఇడవొద్దు," అంది. వంగి ఆ రెండు చెప్పులూ చేతిలోకి తీసుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, లోపలికి తీసుకుపోయింది.