బాషా మామ అతికించిన చీటీ

2017 ఎండాకాలం. కడప జిల్లాలో, బద్వేలుకు బస్సులో గంట దూరముండే మా నేత ఊళ్లో నాకొక డిజైన్ షాపు ఉండేది. ఒక కంప్యూటర్, అట్టలకు చిల్లులు కొట్టే ఒక మెషిన్, గాలి కంటే చప్పుడు ఎక్కువిచ్చే ఒక ఫ్యాను. గుడ్డ మీద పడాల్సిన బొమ్మను కంప్యూటర్‌లో గీసి, దాన్ని బట్టి అట్టలు కొట్టివ్వడం నా పని. ఆ అట్టలను మగ్గం పైనున్న జాకార్డ్ పెట్టెకు తగిలిస్తే, చిల్లులను బట్టి నిలువునా ఉండే పడుగు పోగులు లేస్తాయి, బొమ్మ పడుతుంది.

నేను వాడే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. ఎక్కడెక్కడి వాళ్లో జీతం లేకుండా దాన్ని నడుపుతుంటారు. ఎలా వాడాలో వాళ్లు రాసిపెట్టిందే అఫీషియల్ డాక్యుమెంటేషన్. ఎనిమిది నెలలు కూర్చుని దాన్ని తెలుగులోకి తెచ్చాను. వాళ్ల వెబ్‌సైట్‌లో నా పేరు చూసుకున్నాక నా కళ్లు నెత్తికెక్కాయి, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ పొగరులోనే గోడ మీది చీటీ పీకేశాను. మెషిన్ రాకముందు ఊరందరికీ చేత్తో అట్టలు కొట్టిచ్చిన బాషా మామ అతికించిన చీటీ అది. నేను షాపు పెడితే ఆయన పొట్టే కొట్టినట్టు కదా? అయినా తనే వచ్చి, క్యాలెండర్ కాగితం వెనక స్కెచ్ పెన్నుతో రాసి, అన్నం మెతుకులతో అతికించి పోయాడు. "అట్ట కొట్టేముందు బొమ్మ ఎడమది కుడికి తిప్పు. మన గుడ్డ బోర్లా పండుకోని పుడతాది." ఆ చోట నేను అఫీషియల్ పేజీని లామినేషన్ చేయించి తగిలించాను. చీటీని పారేయడానికి మనసొప్పక డ్రాయర్‌లో పడేశాను. అప్పటిదాకా నేను కొట్టినవన్నీ మామిడి పిందెలు, పూలు. తిప్పినా తిప్పకున్నా ఎవరికీ తేడా తెలిసేది కాదు.

అలాంటప్పుడు లక్ష్మక్క వచ్చింది. భర్తకు భుజం దెబ్బతిని నేయలేకపోతే, ఆమే కొత్తగా మగ్గంలో కూర్చుంది. బద్వేలు బడిలో రిటైరవుతున్న శారద టీచరుకు సభలో కప్పే శాలువా నేసే పని ఆమెకు దొరికింది. కొస మీద టీచరు పేరు పడేలా నేను అట్టలు కొట్టివ్వాలి.

"పాపా, ఇది నచ్చితే ఆ బడోళ్లు ఇంకా చేయిస్తామన్నారు. ల్యాకపోతే మగ్గం పీకేసి బేతంచెర్లకు పోదామంటాండాడు మీ అన్న. ఆడ బండల పాలిష్‌లో నాకు పనిస్తారంట."

"నువ్వేం దిగులు పడొద్దక్కా. పుస్తకంలో ఉన్నట్టే చేస్తా" అన్నాను. అన్నట్టే చేశాను.

ఆదివారం సభ. గురువారం పొద్దున ఎలా వస్తోందో చూద్దామని వాళ్లింటికి పోయాను. సాయానికొచ్చిన బాషా మామ మగ్గం తాళ్లు బిగిస్తున్నాడు. టీచరు పేరున్న కొసనే లక్ష్మక్క ముందు నేసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. గట్టిగా చదివి చప్పట్లు కొట్టాను.

మామ చేతిలో తాడు వదిలేశాడు. "చదవనీకి వస్తాండాయా పాపా?"

"శానా బాగా వస్తాండాయి మామా."

"అయితే చెడిపోయినట్టే."

నాకు ఒళ్లు మండింది. "తిప్పమని డాక్యుమెంటేషన్‌లో యాడా లేదు మామా!"

"అది రాసినాయప్ప మన గుంటలోకి దిగి చూసినాడా? నువ్వన్నా దిగు."

మా మగ్గాలకు కాళ్లు పెట్టుకునే గుంట ఉంటుంది. అందులోకి దిగి, తలొంచి, గుడ్డను కిందినుంచి చూశాను. మా దగ్గర గుడ్డ ముఖం కిందికుంటుంది, నేసేవాళ్లకు కనబడేది వెనక వైపు. ముఖం మీద శారద టీచరు పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. తల కొట్టేసినట్టయింది నాకు.

లక్ష్మక్క ఏడవలేదు. "అయితే బేతంచెర్లే" అంది.

"ఏం బేతంచెర్లమ్మా! నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ. పీకుదాం పా" అన్నాడు మామ. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే కాస్త తేలికయ్యేది.

పడుగు తెగకుండా, అడ్డంగా నేసిన పేక పోగులు ఒక్కొక్కటే కత్తిరించి లాగుతూ సాయంత్రం దాకా ముగ్గురం కూర్చున్నాం. శుక్రవారం పొద్దున్నే బొమ్మ తిప్పి మళ్లీ అట్టలు కొట్టిచ్చాను. మధ్యాహ్నం లక్ష్మక్క ఫోను. "పాపా, నాకొక్క అక్షరం అర్థం కావడంల్యా!" అని నవ్వుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ శాలువా చూసి బడివాళ్లు ఇంకో ఆరు చెప్పారు. వాళ్ల మగ్గం ఈ రోజుకీ ఆడుతోంది.

చీటీలోని మాట అఫీషియల్ పేజీలో చేర్చమని సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లకు రాశాను. "అది మీ మగ్గం సంగతి, సాఫ్ట్‌వేర్ తప్పు కాదు" అని జవాబు. వారం రోజులు వాళ్లను తిట్టుకుని, ఎవరైనా రాయగలిగే కమ్యూనిటీ వికీలో చీటీ ఫోటోతో సహా పెట్టాను. నెల తిరక్కుండానే ఎక్కడివాళ్లో రాశారు, తమ మగ్గం మీద గుడ్డ ముఖం పైకే ఉంటుందనీ, తిప్పితే తమకు చెడిపోతుందనీ. అప్పుడు అర్థమైంది. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో అఫీషియల్ కాగితం చెబుతుంది. మన మగ్గం మీద ఏమవుతుందో దగ్గరుండి చూసినవాళ్లే చెప్పగలరు. రెండూ పక్కపక్కన ఉండాలి. గోడ మీద ఒకదాని కోసం ఇంకోదాన్ని పీకడమే నేను చేసిన తప్పు.

ఇప్పుడు కర్నూలులో పనిచేస్తున్నాను. బాషా మామ పోయి ఏడాదయింది. ఆయన చెయ్యి పడిన ఆ క్యాలెండర్ కాగితం నా టేబుల్ ముందు, లామినేషన్ పేజీ పక్కనే ఉంది. చూసినప్పుడల్లా ఆయన మీద బెంగగా ఉంటుంది.

మొన్న వికీలో ఆ పేజీ కింద ఎవరో అడిగారు, ఇది అఫీషియలేనా అని.

"కాదండీ, మా బాషా మామ మా ఊరి మగ్గాలకు చెప్పింది. మీరు మీ గుంటలోకి దిగి చూసుకోండి" అని రాశాను.