ఖాళీ గిన్నె ఇయ్యని ఎర్కి సారు

ఎర్కి సారుకు ఒకటే పిచ్చి. తీసుకున్నది ఏదైన సరే, ఖాళీగ తిరిగి ఇయ్యడు. గిన్నె ఇస్తె నింపి ఇచ్చుడు అందరం చేసేదే, దానికి పేరు పెట్టేటోళ్లు ఎవ్వరు లేరు. ఈయన బకెట్ అడుక్కపోతె బకెట్ల దోసకాయలు ఏసి తెస్తడు. హెల్మెట్ తీసుకపోతె దాన్నిండ సీతాఫలాలు పెట్టి తెస్తడు. శంకరయ్య హోటల్ల చాయ్ తాగి, ఎంగిలి గ్లాసుల నాలుగు పల్లీలు ఏసి బల్ల మీద పెడ్తడు.

"సారూ, గ్లాసు కడగాలె గద, పల్లీలెందుకు?" అని శంకరయ్య మొత్తుకునేటోడు.

"ఖాళీగ ఇయ్యొద్దు. సుభద్రమ్మ చెప్పింది."

కొల్లాపూర్ల ఆయన ఏం ఆగం చేసినా ఆఖరుకు సుభద్రమ్మ పేరే బయటికొచ్చేది. తప్పు ఆమెదే మరి, ఆ ముచ్చట ఆమె గూడ ఒప్పుకుంటది.

రెండువేల ఆరుల ఎత్తిపోతల పంపులు బిగించనీకి ఫిన్లాండ్ నుంచి వచ్చిండు ఎర్కి సారు. ఆరడుగుల మనిషి, ఎండకు టమాట పండయిన ముఖం. సుభద్రమ్మ ఇంటి ముందరి అర్ర కిరాయికి తీసుకున్నడు. ఆమె పెనిమిటి ఈరన్న ఎప్పుడు మామిడితోట కాడనే ఉంటడు, ఇంట్ల ఆమె ఒక్కతే. సారు తలుపేసుకొని బ్రెడ్డు తింటడు, తలుపు తీసి పనికి పోతడు, వచ్చి మళ్ల తలుపేసుకుంటడు. రెండు నెలలు ఇదే తంతు. పక్క అర్రల మనిషి ఉన్నడా పోయిండా తెల్వకుంట ఎట్ల బతుకుతరో అని సుభద్రమ్మకు పరేషాన్ అయ్యింది. ఒకనాడు గిన్నెడు పచ్చిపులుసు, అన్నం తీసుకపోయి తలుపు కొట్టింది.

తెల్లారి గిన్నె వచ్చింది. అద్దమోలె తోమి ఉన్నది. లోపల ఏం లేదు.

సుభద్రమ్మ ముఖం జూసి సారు భయపడ్డడు. "తప్పా?"

"తప్పేం కాదు సారూ, నీకు తెల్వదు గద. మా దిక్కు గిన్నె ఖాళీగ ఇయ్యరు. చిటికెడు చక్కెరనన్న ఏసి ఇస్తరు."

ఆ మాట ఆయన తలకాయల మేకు కొట్టినట్టు దిగింది. తర్వాత ఒకనాడు తనే చెప్పిండు, "అమ్మా, మా ఊర్ల ఒకరి తలుపు కొట్టాలంటె కారణం ఉండాలె. నాకు కారణం ఎప్పుడు దొరకకపోయేది. ఇక్కడ గిన్నె చేతుల ఉంటె చాలు, ఎవరింటికైన పోవచ్చు." ఇగ ఆయన్ని ఆపేటోడు లేడు. కావాలని జల్లెడ అడుక్కునేటోడు, ఇసుర్రాయి అడుక్కునేటోడు. ఫిన్లాండాయనకు ఇసుర్రాయి ఏం పని అని ఎవ్వరు అడగలే, అది తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తదో అని ఎదురు చూసిండ్రు. బ్రెడ్డు మానేసిండు, జొన్నరొట్టె పట్టిండు, నవ్వుడు నేర్చుకున్నడు.

ఒక వానకాలం సారు శంకరయ్య ఛత్రి తీసుకపోయి, మడిచినది మడిచినట్టే తెచ్చిచ్చిండు. శంకరయ్య నడిబజార్ల ఛత్రి విప్పిండు. లోపలున్న రెండు సేర్ల పల్లీలు నెత్తి మీద పడ్డయి. మేకలు ఎంటబడి ఆయన్ని హోటల్ దాక సాగనంపినయి.

దవాఖాన ముచ్చట ఇంకా ఘోరం. జరమొస్తె పరీక్ష చేయనీకి సారుకు చిన్న సీసా ఇచ్చి నింపుకరమ్మన్నరు. తెల్లారి కాంపౌండర్ ఉరుక్కుంట సుభద్రమ్మ ఇంటికొచ్చిండు.

"అమ్మా, ఈయనకు ఉన్నంత షుగరు నేను నా జిందగీల చూడలే. ఈ మనిషి నిలబడి ఎట్ల ఉన్నడో తెల్వదు."

సుభద్రమ్మ అప్పుడే సంచి పట్టుకొని కూరగాయల అంగడికి పోయింది. నాలుగు దినాలు పొద్దుమాపు కాకరకాయ వండి పెట్టింది. సారు కండ్లల్ల నీళ్లు పెట్టుకుంట తిన్నడు. ఐదోనాడు ఓర్సుకోలేక అడిగిండు, "అమ్మా, కాకరకాయ ఎందుకు?"

"నీ సీసాల మస్తు చక్కెర ఉన్నదంట సారూ."

"ఉంటది. నేనే ఏసిన, రెండు చెంచాలు. ఉత్తగ నాది మాత్రం ఇస్తె మర్యాద కాదు గద."

అన్ని సక్కగనే ఉండె గని, ఒక్కటి సుభద్రమ్మకు నచ్చకపోయేది. సారుకు గిన్నెలు గుర్తుండవు. ఎదురింటి కిష్టమ్మ గూడ ఆయనకు అప్పుడప్పుడు కూర ఇస్తది. ఆమె గిన్నె తెచ్చి ఈమె చేతుల పెడ్తడు, ఈమెది తీసుకపోయి ఆమెకు ఇస్తడు.

"సారూ, గిన్నె మీద పేరు కొట్టి ఉన్నది గద. ఇది నాది కాదు, దానిది."

"నాకు తెలుగు అక్షరాలు తెల్వవు అమ్మా" అని తలకాయ గోక్కుంట అట్నుంచి ఇటు, ఇట్నుంచి అటు తిరిగేటోడు. పైంగ సుభద్రమ్మ గిన్నెల కిష్టమ్మ నూరిన గోంగూర తొక్కు పెట్టి తెచ్చేటోడు. ఎల్లిపాయ వాసన పట్టంగనే ఎవరిదో సుభద్రమ్మకు ఎర్కనే. తిట్టుకుంట తినేది, గని గిన్నె అడుగు దాక తినేది.

సుభద్రమ్మ, కిష్టమ్మ వరుసకు వదినా మరదళ్లు. ఒకప్పుడు ఒకరు లేంది ఒకరికి ముద్ద దిగకపోయేది. రెండువేల రెండుల, కరువొచ్చిన ఏడాది, ఉగాదికి సుభద్రమ్మ గిన్నెడు భక్ష్యాలు పంపింది. రెండు దినాలకు ఆ గిన్నె అరుగు మీద ఉన్నది. ఖాళీగ. పండుగ పూట ఖాళీ గిన్నె పెట్టిపోయింది, నా మొఖం ఎందుకు జూస్తది ఇగ అనుకున్నది సుభద్రమ్మ. ఆనాడు బందయిన మాట మళ్ల కలవలే. భక్ష్యాలు చేసుడు గూడ అప్పుడే మానేసింది. ఎవరికి పెట్టాలె మరి? ఎదురింటి తలుపు చప్పుడైతె ఇప్పటికి గూడ ఆమె పాణం అటే గుంజేది, ఇది ఎవ్వరికి చెప్పలే.

రెండువేల ఎనిమిది ఎండకాలంల పని అయిపోయింది. సారు పోయేనాడు సుభద్రమ్మ పొద్దుగాలనే లేసి, ఆరేండ్ల తర్వాత పొయ్యి మీద పెనం పెట్టి భక్ష్యాలు చేసింది. సారు ఎంట తీసుకపోనీకి స్టీలు డబ్బాల మామిడికాయ తొక్కు పెట్టి మూత బిగించింది. బయట జీపు వచ్చి నిలబడ్డది. సారు అర్రకు తాళమేసి, ఒక గిన్నె తెచ్చి ఆమె చేతుల పెట్టిండు.

సుభద్రమ్మ లోపలికి చూసింది. బోర్లిచ్చి చూసింది. చక్కెర పలుకు గూడ లేదు.

"ఏంది సారూ, ఖాళీగ ఇచ్చినవ్?"

"సామాను అంత కట్టేసిన అమ్మా. నా కాడ ఏం లేదు. కోపమొచ్చిందా?"

"లేనప్పుడు ఏం పెడ్తవ్ సారూ? కోపం ఎందుకొస్తది?"

అన్నది గని, ఆ మాట తన నోట్లెకెల్లి వచ్చినంక సుభద్రమ్మకే ఎట్లనో అయ్యింది. సారు మెల్లగ అన్నడు, "కిష్టమ్మ గూడ రెండు దినాలు మీ గిన్నె ముంగట పెట్టుకొని కూసున్నదంట. మొగుడు బొంబాయిల, ఇంట్ల గుప్పెడు బియ్యం లేకుండె. సిగ్గుతోని మీ ముఖం చూడలేక అరుగు మీద పెట్టిందంట."

సుభద్రమ్మ గిన్నె పట్టుకొని ఎదురింటి దిక్కు చూసింది. ఆరేండ్లు. అడిగితె ఒక్క నిమిషంల అయిపోయే ముచ్చట. తెల్లోనికి తెల్వదని మాఫ్ చేసింది, సొంత మరదలిని అడగనన్న అడగలే. కొంగుతోని కండ్లు తుడుసుకొని, ఏదో ఒకటి అనాలె గనుక అన్నది, "మళ్ల తప్పు గిన్నె ఇచ్చినవ్ సారూ. ఇది దానిది."

సారు గిన్నె మీద ఏలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివిండు. "కి, ష్ట, మ్మ. రెండేండ్ల నుంచి కల్వకుర్తి బస్సు బోర్డు ఎవరు చదివిండ్రనుకున్నవ్ అమ్మా? ఇది ఆమె గిన్నె. నువ్వు తిరిగి ఇయ్యాలె. ఖాళీగ మాత్రం ఇయ్యొద్దు."

ఆమె లోపలికి పోయి గిన్నె నిండ భక్ష్యాలు పెట్టి, నెయ్యి పోసి, గల్లీ దాటింది. పది అడుగుల గల్లీ అది. కిష్టమ్మ తలుపు కాడనే నిలబడి ఉన్నది.

"నీ గిన్నె."

కిష్టమ్మ ఒక ముక్క తుంచి నోట్లె పెట్టుకున్నది. బుగ్గల మీద నీళ్లు కారుతనే ఉన్నయి. "నెయ్యి తక్కువేసినవ్ వదినా."

"ఆరేండ్లయ్యె చేసి. చెయ్యి మర్సిపోయింది."

జీపు డ్రైవర్ హారన్ కొడ్తనే ఉన్నడు. సారు రెండు భక్ష్యాలు తినేదాక జీపు ఎక్కలే.

మూడు నెలలకు ఫిన్లాండ్ నుంచి పార్సల్ వచ్చింది. విప్పితె సుభద్రమ్మ తొక్కు డబ్బా. నిండుగ నల్లటి బిళ్లలు, వాళ్ల దేశపు మిఠాయి అని ఒక చీటి. శంకరయ్య ఒకటి నోట్లె ఏసుకొని, ఉప్పగ, చేదుగ ఉన్నదని ఊంచి, బర్రెలకు పెట్టే మందు కావచ్చన్నడు. డబ్బా మీద సుభద్రమ్మ పేరు కింద వంకర అక్షరాలతోని కొత్తగ ఇంకో పేరు చెక్కి ఉన్నది. కిష్టమ్మ.

"ఇగ ఇద్దరిది అయ్యింది గద" అన్నది కిష్టమ్మ, బిళ్ల చప్పరిస్త ముఖం వికారంగ పెట్టి. "దీన్ల ఏం పెట్టి పంపుదాం వదినా?"

"కాకరకాయ" అన్నది సుభద్రమ్మ.