గొర్రెల కొట్టంలో వినిపించిన పాఠం

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఉదయగిరి భజన మందిరంలో ఇరవై ఏళ్లుగా పారాయణం చేస్తున్నాను. ఉన్నది దేవుడే, పోయినవాళ్లు తిరిగి రారు అన్నదే నా నమ్మకం.

మా తమ్ముడు మర్రిపాడు దగ్గర పల్లెలో, మా పుట్టింట్లోనే ఉంటాడు. గొర్రెలున్నాయి. వాడి కూతురు అప్పుడు పదో తరగతి. మా ఇంటి ఆచారం ప్రకారం నెలసరి మూడు రోజులూ ఆ పిల్ల గొర్రెల కొట్టం పక్క గదిలో ఉండాలి. పుస్తకం సరస్వతి కాబట్టి ముట్టకూడదు. నాలుగో రోజు బడికి పోతే వెనకబడ్డ పాఠం చూసి భయం. ఆ భయంతో మరో రెండు రోజులు పుస్తకం తెరవదు. బళ్లో మాత్రం "ఇంటి దగ్గర చదవడం లేదు, శ్రద్ధ లేదు" అనేశారు. ఎందుకు చదవడం లేదని ఒక్కరూ అడగలేదు.

"ఈ పరీక్ష తప్పితే బడి మానిపిస్తానక్కా. గొర్రెల ఎంబడి పోతాది," అన్నాడు తమ్ముడు.

ఇన్నేళ్ల పారాయణంలో చదువుకు మైల అన్న మాట నాకెక్కడా తగల్లేదు. అదేదో తేల్చుకుందామనే పరీక్షలకు వారం ముందు బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం. కొట్టం దగ్గరికి వెళ్ళేసరికి ఆ గదిలో ఎవరో సైన్సు పాఠం చదువుతున్నారు. ముసలి గొంతు. కొత్తగా నేర్చుకునేవాళ్లలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. తలుపు తోశాను. పిల్ల ఒక్కతే, మోకాళ్ల మీద గడ్డం ఆనించి, పెదవులు మూసుకుని కూర్చుంది. పుస్తకం లేదు, ఫోను లేదు. గొంతు ఇంకా వినిపిస్తోంది. మజ్జిగ చెంబుతో నా వెనకే వచ్చిన మరదలూ విన్నది.

"అవ్వ నిన్నట్నుంచి చదవతా ఉండాదత్తా," అంది పిల్ల మామూలుగా. "వత్తులు పలకదు. నేనే దిద్దతా ఉండా."

అది మా అమ్మ గొంతు. ఆమె పోయి అప్పటికి నాలుగేళ్లు. బతికినన్నాళ్లూ వేలిముద్రే. ఈ ఆచారాన్ని ఇంట్లో పట్టుబట్టి నిలబెట్టింది ఆమే. నా చదువు తొమ్మిదితో ఆగింది కూడా ఆ గదిలోనే.

మరదలు చెంబు కింద పెట్టి, ఇంట్లోకి పోయి పుస్తకం తెచ్చి పిల్ల ఒళ్లో పెట్టింది. గొంతు ఆగిపోయింది.

"ఏందే ఈ పని?" అన్నాడు అప్పుడే వచ్చిన తమ్ముడు.

"మీ అమ్మనే అడుక్కో పో," అంది మరదలు.

వాడు చెప్పులేసుకుని మంద దగ్గరికి పోయాడు. పిల్ల పాసై, ఇప్పుడు ఆత్మకూరులో ఇంటర్ చదువుతోంది. ఆ గొంతు మరెవరికీ వినపడలేదు. అక్షరం రాని మనిషి, పుస్తకం లేని గదిలో, ఏం చూసి చదివిందో నాకు నేటికీ తెలియదు. పూజలో కూర్చున్నా ఆ ప్రశ్నే.

దానికంటే ఎక్కువగా మండేది మరొకటి. నేను ఆ గదిలో కూర్చున్న రోజుల్లో నువ్వు బతికే ఉన్నావు కదమ్మా, అప్పుడెందుకు రాలేదు?