మా ఇంట్లో పనిలేనోళ్లు లేరు

పనిలేనోడు అనే మాట మా వీధిలో తిట్టు. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ల వీధి మాది. తాగుబోతు అంటే నవ్వి ఊరుకునేవాళ్లు కూడా, పనిలేనోడా అంటే కొట్లాటకు వచ్చేవాళ్లు. ఆ ఒక్క తిట్టుకు జడిసే నా బతుకు బుగ్గిపాలైంది.

డెబ్బైల నడుమ నేను పదో తరగతి ప్యాసయ్యాను. అప్పటికే మగ్గాలు నీరసించాయి. నూలు దొరికితే నెలలో పది రోజులు పని, దొరక్కపోతే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చోవడమే. సర్కారు ఉద్యోగం ఒక్కటే దారి అనుకున్నాం. దానికి ఆదోని పోయి ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాయించుకోవాలి. వరస వచ్చినప్పుడు వాళ్లే ఉత్తరం పంపి ఇంటర్వ్యూకు పిలుస్తారు. వయసు దాటేలోపు ఆ పిలుపు రావాలి, అంతే.

నాయన కూడా వచ్చాడు. ఉతికిన పంచె కట్టి, తాను నేసిన తువ్వాల భుజాన వేసుకుని, పెళ్లిచూపులకు పోయినట్టు బయల్దేరాడు. ఆఫీసు ముందు వరస రోడ్డు దాకా ఉంది. పత్తి బండ్లు పోతుంటే దూది ఎగిరి మా నెత్తిన పడుతోంది. నా వెనక ఆదోని సాయిబుల పిల్లవాడొకడు నిలబడ్డాడు. వాళ్ల నాయన బజార్లో టైలరు. గంటలో మేమిద్దరం స్నేహితులమైపోయాం.

నా వంతు వచ్చింది. గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు. "ప్రస్తుతం ఏం చేస్తున్నావు? ఖాళీయేనా?"

నేను నోరు తెరిచేలోపే నాయన ముందుకొచ్చాడు. "ఖాళీ యాంది సార్? మా ఇంట్లో పనిలేనోళ్లు ఎవురూ లేరు. వీనికి మగ్గం ఉండాది. పదేండ్లప్పటి నుంచి నేస్తాండాడు. వీడు నేసిన సీర అంచు సూస్తే మీరే మెచ్చుకుంటారు."

గుమాస్తా ఏదో రాసుకున్నాడు. నా వెనకవాణ్నీ అదే అడిగితే, "ఏం పని లేద్సార్, ఖాళీగానే ఉండా" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయన ఒకటే నవ్వు. "సూసినావాప్పా? పొద్దంతా వాళ్ల నాయన అంగట్లో గుండీలు కుడతాడంట, పనిలేదంటాడు! నామోషీ లేదు." నేనూ నవ్వాను. ఏం చూసుకుని నవ్వామో, మా మొహాలు!

ఆ తర్వాత ఆఫీసువాళ్లు ఇచ్చిన కార్డుకు గడువు తప్పకుండా ముద్ర వేయించుకొచ్చాను. ఒకసారి జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా పోయాను. టైపు నేర్చుకున్నాను. పోస్టుమాను సైకిలు బెల్లు వినిపిస్తే నేత ఆపేవాణ్ని. ఆయన మా గడప ముందు ఆగకుండా పోయేవాడు. పెళ్లి మాట ఎత్తితే ఉద్యోగం రానీ అనేవాణ్ని. ఏళ్లు పోయాయి.

ఎనభైలలో, ఏళ్ల తరబడి పనిలేకుండా ఉన్నవాళ్లను ముందు పిలుస్తారని తెలిసింది. ఇక నాదే వంతు అనుకున్నాను. ఆ ఏడాది ఉగాది పోయిన కొన్నాళ్లకు ఆదోని స్నేహితుడు మా ఇంటికి వచ్చాడు. కౌతాళంలో అటెండరు ఉద్యోగం వచ్చిందట. మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, "నీకు రాలేదా? వరసలో నువ్వు నా ముందర ఉంటివి గదన్నా!" అన్నాడు. ఆ పొట్లం విప్పకుండానే మా తమ్ముడి చేతిలో పెట్టాను.

మరునాడే ఆదోని పోయాను. గుమాస్తా మారాడు. కొత్తాయన కాగితాలు తీసి చూసి, "మీకు పని ఉంది కదండీ. చేనేత, సొంత వృత్తి అని ఉంది. పని ఉన్నవాళ్లను ఆఖరున పిలుస్తాం" అన్నాడు.

"మగ్గం ఉంది సార్. నూలు లేదు."

"అది రాయడానికి ఇందులో గడి లేదు."

మార్చమని బతిమాలాను. మార్చితే ఆ రోజు నుంచే పనిలేనట్టు లెక్కట. ఏళ్ల తరబడి అనిపించుకోవడానికి మళ్లీ ఏళ్లు కావాలి. నాకు మిగిలింది ఒక్క ఏడాది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా సిగ్గు విడిచి ఏడ్చాను. నాయన మీద ఒళ్లు మండిపోయింది. కార్డు ముక్కలు ముక్కలు చేద్దామనుకుని, చేయలేక జేబులో పెట్టుకున్నాను.

ఇంటికి పోతే నాయన అడిగాడు. "ఏమన్నారప్పా?"

"ఖాళీలు లేవంట నాయనా."

"వస్తాది లే. సర్కారోళ్లు ఆలస్యం సేస్తారు గానీ మోసం సెయ్యరు" అన్నాడు. నాకు ఆయన గొంతు వినడమే కష్టమైపోయింది.

రెండేళ్లు అలాగే గడిచాయి. మా తమ్ముడు పదో తరగతి ప్యాసయ్యాడు. ఆదోనికి వాడితో నేను బయల్దేరుతుంటే, నాయన పంచె కట్టుకుంటూ వచ్చాడు. "నేనూ వస్తా ఉండప్పా. ఆఫీసరు కాడ ఎట్ల మాట్లాడాల్నో మీకు తెలీదు."

ఇక నా వల్ల కాలేదు. "నువ్వు రావద్దు! నువ్వు ఆ పొద్దు మాట్లాడిందానికే నా కొంప మునిగింది" అని అరిచాను. అంతా చెప్పేశాను. గడి లేదన్న మాటతో సహా.

నాయన పంచె కుచ్చిళ్లు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నేను సెప్పిన ఆ మాటకేనా?" అన్నాడు.

కాదు అనొచ్చు. నేను అనలేదు.

అయినా ఆయన బస్సెక్కాడు. ఆఫీసులో తమ్ముడి వంతు వచ్చి, గుమాస్తా అదే ప్రశ్న అడిగాడు. తమ్ముడు తడబడ్డాడు. నాయన భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు.

"వీనికి పనిలేదు సార్. మా ఇంట్లో ఎవురికీ పనిలేదు. రాసుకోండి."

తర్వాత నా చెయ్యి పట్టి ముందుకు లాగాడు. "ఈ పెద్దోనికి గూడా లేదు సార్. అప్పుడు నేను తప్పు సెప్పినా. కొట్టేసి మళ్లా రాయండి."

గుమాస్తా నా కార్డు తీసుకుని చూశాడు. "ఈయనకు వయసు దాటిపోయింది పెద్దాయనా" అని వెనక్కిచ్చాడు.

నాయన కదలలేదు. వెనకవాళ్లు జరగమని అరుస్తున్నా, నా చెయ్యి వదలకుండా, "పనిలేదు సార్, నిజంగా లేదు" అంటూనే ఉన్నాడు.