ఫ్లైఓవర్ మీద పరీక్ష హాలు

నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు మా ఇంట్లో వాళ్లకు ఒకటే సందేహం. ఇది చదువు పూర్తి చేయడానికా, పూర్తి కాకుండా చూసుకోవడానికా? సబ్జెక్టు సోషియాలజీ. అంశం, సర్కారు నౌకరీ పరీక్షలకు చదివేవాళ్లకు నిద్రలో వచ్చే కలలు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు కాసేపు మౌనంగా ఉండిపోయేవారు. అది గౌరవం అనుకున్నాను. నవ్వు ఆపుకోవడం అని తర్వాత తెలిసింది.

కలలు దొరికే చోటనే ఉందామని, కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో చేరాను. మా వీధి చివర ఒక రీడింగ్ రూమ్ ఉండేది. వానాకాలం మధ్యాహ్నాలు అక్కడ ఎలా ఉండేవంటే, బయట మబ్బు కిందికి దిగి కోచింగ్ ఫ్లెక్సీల మీది ర్యాంకర్ల ముఖాలను మెల్లగా తడిపేది. లోపల పసుపు వెలుతురు. అన్నం తిని వచ్చినవాళ్ల తలలు ఒక్కొక్కటే పుస్తకాల మీదికి ఒరిగేవి. గది మొత్తం ఏదో చెరువు అడుగున కూర్చుని ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది. చెరువు అడుగున ఉక్కపోత కూడా ఉంటుందని అక్కడే తెలిసింది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద సగం ఫ్యాన్లే తిరిగేవి. ఆ సగం కింద నాకు ఎన్నడూ సీటు దొరకలేదు.

నా రూమ్మేట్ బోటనీ స్కాలర్. పాత గోడల మీద మొలిచే నాచు అతని పరిశోధన. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా తడి గోడ అన్నది కనిపిస్తే చాలు, భూతద్దం తీసి ముక్కు ఆనించేవాడు. గోడ వైపు తిరిగి అంతసేపు నిలబడిన మగమనిషిని చూస్తే ఈ ఊళ్లో ఎవరికైనా ఒకటే అనుమానం వస్తుంది. ఆ తిట్లన్నీ అతను సైన్స్ కోసం భరించాడు.

"నీ టాపిక్ మంచిదే గని, మనుషులతోని పని భయ్," అనేవాడు. "నా నాచు చూడు. నన్ను ఖుష్ చెయ్యాలని ఎన్నడన్న అనుకుంటదా?"

నా మనుషులు కూడా నన్ను ఖుష్ చేయాలని మొదట్లో అనుకోలేదు. రీడింగ్ రూమ్ మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డర్ నొక్కి, ఏం కల వచ్చిందని అడిగేవాణ్ణి.

"ఏం రాలేదన్నా."

"మొన్నన్న వచ్చిందా?"

"గుర్తు లేదన్నా."

అంతే. పరీక్ష కోసం రాజవంశాలన్నీ నోటికి పట్టినవాళ్లకు పొద్దుటి కల గుర్తుండేది కాదు. ఇంకొకాయన మాత్రం, "కలల కూడ సిలబస్సే వస్తది. అది నీకెందుకు, నా నోట్సుల ఉన్నది, తీసుకో," అన్నాడు.

గైడ్ మేడమ్‌కు ఈ సంగతి చెబితే ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మేడమ్ కళ్లద్దాలు తుడిచారంటే ఏదో చెడు కబురు ఉన్నట్టే. "వానలు తగ్గేసరికి రివ్యూ కమిటీ ఉంది. కలలు లేకుండా కలల థీసిస్ ఏం చూపిస్తావు? టాపిక్ మార్చమంటారు. అంటే మళ్లీ మొదటి నుంచి." మళ్లీ మొదటి నుంచి అనే మాట పరిశోధనలో ఉన్నవాడికి ఎలా వినిపిస్తుందో పెళ్లి వంటలు దించాక ముహూర్తం మారిందని విన్నవాళ్లను అడగాలి.

అప్పుడు దొరికింది, రీడింగ్ రూమ్‌లో మేమంతా అక్క అని పిలిచే మనిషి. ఆమె జానపద కథల మీద పీహెచ్‌డీ పూర్తి చేసి, పట్టాను పెట్టెలో భద్రంగా పెట్టి, గ్రూప్స్‌కు చదువుకుంటోంది. అంటే నా భవిష్యత్తు నాకంటే ముందు వచ్చి మూలబెంచీలో కూర్చుంది. సన్నటి జల్లు పడుతుంటే ట్యాంకు నీడన నిలబడి చెప్పింది.

"నారాయణగూడ ఫ్లైఓవర్ మీద పరీక్ష పెట్టిన్రు తమ్మీ. ఆటోలు లేవు, బండ్లు లేవు. ఈ కొసకెళ్లి ఆ కొస దాక బెంచీలే. వాన పడుతున్నది గని పేపర్ తడుస్తలేదు. నేను ఓఎంఆర్ షీట్ల ఒక గుండ్రం దిద్దిన. దిద్దంగనే కింద ఏదో ఇంట్ల లైటు వెలిగింది. ఇంకోటి దిద్దిన. ఇంకో ఇంట్ల వెలిగింది. గట్ల దిద్దుకుంట పోతున్న, చిక్కడపల్లి మొత్తం వెలుగుకుంట వస్తున్నది."

"జవాబులు కరెక్టేనా అక్కా?"

"ప్రశ్నలే చదవలేదు."

అప్పుడప్పుడు వస్తుందట ఆ కల. అది వచ్చిన రోజు మాత్రం పొద్దున లేచి పుస్తకం తెరవడానికి భయం వేయదట.

నేను మెట్లు దిగలేదు, దొర్లాను. కింద చాయ్ బండి దగ్గర కనిపించిన వాళ్లందరికీ చాయ్ చెప్పి, అక్కకు ఎంత మంచి కల వచ్చిందో అక్కడే వినిపించాను. ఉస్మానియా బిస్కెట్ నంచుకుంటూ అందరూ చాలా శ్రద్ధగా విన్నారు. ఆ శ్రద్ధ చూసి నాకు అనుమానం రావలసింది.

మర్నాటి నుంచి కలలే కలలు. మొదట ఒక డిగ్రీ పిల్లవాడికి ఫ్లైఓవర్ వచ్చింది. ఆ వెంటనే ఇంకొకరికి. మూడో మనిషి కూడా గుండ్రం దిద్దగానే లైటు వెలిగిందని చెబుతుంటే కింద వీధి, ఆటోల హారన్లు, తడిసిన ఫ్లెక్సీలు, అన్నీ కాసేపు దూదిలో చుట్టినట్టు దూరం జరిగాయి. ఇంత పెద్ద ఊరు మధ్యలో ఇంతమంది ఒకే వంతెన మీదికి నిద్రలో నడిచి వెళ్తున్నారా? రూమ్‌కు పరుగెత్తుకొచ్చి, "ఒక తరం మొత్తం ఒకే కల కంటున్నది!" అన్నాను.

రూమ్మేట్ నాచు మీద నుంచి తల ఎత్తలేదు. "లేకపోతే పక్కోని పేపర్ చూస్తున్నది," అన్నాడు.

అతని మాట నిజమని ఆ వారంలోనే తేలింది. నాకంటే పెద్దవాడైనా నన్ను అన్నా అని పిలిచే ఒకాయన, కల చెప్పడం ముగించి, లేవకుండా నా ముఖం వైపే చూస్తున్నాడు.

"రైటేనా అన్నా?"

"ఏంది రైట్?"

"ఆన్సర్. వాన చెప్పిన, లైట్లు చెప్పిన, పేపర్ తడవలేదని కూడ చెప్పిన. ఇంకేమన్న పాయింట్ పోయిందా?"

"కలకు ఆన్సర్ ఉంటదా అన్నా?"

"అక్క చెప్తే నువ్వు అందరికి చాయ్ తాపినవ్. మేం కల రాలేదంటే నీళ్లు గూడ అడగలే. గప్పుడే సమజైంది, కీ ఏందో. ఎరక లేక తప్పు చెప్పి నీ థీసిస్ ఖరాబ్ చేస్తమా?"

"మరి మొదట్ల ఎవ్వరు ఏం చెప్పకపోతిరి?"

"నెగెటివ్ మార్కింగ్ ఉంటదేమోనని ఇడిసిపెట్టినం."

ఇన్ని రోజులూ నేను ప్రశ్నలు అడిగాననుకున్నాను, వాళ్లు పరీక్ష రాశారు. అదీ నా కోసం, ప్రేమగా. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను గానీ, ఆయన వెళ్తూ వెళ్తూ నా గొడుగు కూడా విప్పి ఇచ్చాడు.

రూమ్‌కు వస్తే రూమ్మేట్ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ గోడ మీద నాచు లేదు. అతను ఏళ్లుగా చూస్తూ వచ్చిన కాంపౌండ్ గోడకు దాని ఓనర్ తన బిడ్డ పెళ్లని సున్నం వేయించాడట. ప్రకృతి శాస్త్రాలకూ సామాజిక శాస్త్రాలకూ ఉన్న తేడా ఆ సాయంత్రం మా గదిలో పూర్తిగా చెరిగిపోయింది. ఇద్దరం మిర్చీ బజ్జీలు తెచ్చుకుని తిన్నాం.

మిగిలింది మానవీయ శాస్త్రం, అంటే జానపద కథల అక్క. మర్నాడు వెళ్లి ఆమెకు జరిగింది చెప్పాను. ఆమె నవ్వలేదు.

"నువ్వు అందరికి పంచినంక నాకు వస్తలేదు ఆ కల," అంది.

నా దగ్గర దానికి జోకు కూడా లేదు. ట్యాంకు మీద నుంచి చినుకులు జారుతున్నాయి.

కాసేపటికి ఆమే అంది: "నేను కథల కోసం ఊర్లు తిరిగినప్పుడు గింతే అయింది. నాకు ఏ కథ నచ్చిందో పసిగట్టి అందరు గదే చెప్పేటోళ్లు. పరేషాన్ అయిన. మళ్ల మంచిగ వింటే, ఒక్కలు చెప్పినట్టు ఇంకొకలు చెప్పలే. కథను పక్కన పెట్టి తేడాలు రాసుకున్న. నువ్వు కూడ జర మళ్ల విను."

చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. ఒకరి ఫ్లైఓవర్ మీద ఇన్విజిలేటర్, అన్నం తినని పిల్లను బుజ్జగించినట్టు హాల్‌టికెట్ నంబర్లు పిలుస్తోంది. ఒకరికి లైట్లన్నీ వెలిగాయి, తన రూమ్‌లో తప్ప. నన్ను రైటేనా అని అడిగినాయన అయితే వానను మధ్యలో ఆపేశాడు, దండెం మీద బట్టలు ఉన్నాయని. కాపీ కొడుతూ కూడా ఎవరి దిగులు వాళ్లు మెల్లగా లోపల పెట్టేశారు. ఎవరూ అడగలేదు, దానికి మార్కులు లేవని వాళ్లకు తెలుసు, అయినా పెట్టారు.

కమిటీ ముందు ఉన్నదున్నట్టు చెప్పాను, చాయ్‌తో సహా. అందరూ మౌనంగా ఉండిపోయారు. ఈ మౌనం ఏ రకమో నాకు అర్థం కాలేదు. చివర్లో కూర్చున్న ఒక సార్, "వీటిలో నిజంగా వచ్చిన కల ఏదో, కల్పించింది ఏదో ఎలా చెప్తావు?" అన్నారు. చెప్పలేను సార్ అన్నాను. మేడమ్ కళ్లద్దాలు తీశారు. తుడవలేదు. "చెప్పలేడు కాబట్టి, కలల మీద కాదు, కల చెప్పడం మీద రాస్తాడు," అన్నారు. శీర్షికలో ఒక్క మాట పెరిగింది. మళ్లీ మొదటి నుంచి అని ఎవరూ అనలేదు.

తిరుగు బస్సు నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగిపోయింది. సన్న జల్లు. కిటికీకి తల ఆనించాను. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. బస్సు లేదు. బెంచీలు ఉన్నాయి. నా ముందు తడవని కాగితం. ఒక గుండ్రం దిద్దాను, చాలా నెమ్మదిగా, అంచు దాటకుండా. ఎక్కడో దూరంగా ఒక లైటు వెలిగింది. కండక్టర్ భుజం తట్టి లేపాడు. స్టాపు దాటిపోయింది.

వెనక్కి నడుచుకుంటూ వచ్చి తిన్నగా అక్క దగ్గరికి వెళ్లాను.

"నిజంగ వచ్చిందా, కమిటీ కోసమా?" అంది.

"కమిటీ అయిపోయినంకనే వచ్చిందక్కా."

"ఎన్ని లైట్లు?"

"ఒక్కటే. మన రీడింగ్ రూమ్‌ల."

"కలలన్న నీ సీటు మీద ఫ్యాన్ తిరిగిందా?"

"లేదు."

"అయితే అసలుదే," అంది అక్క, పుస్తకం దగ్గరికి లాక్కుంటూ.