కోటు విప్పడానికి అనుమతి

ఇంగ్లండ్‌లో వేసవి వస్తే గొప్పింటివాళ్ళకి ఒక వరస ఉంటుందట. ఒక వారం గుర్రప్పందేలు, ఇంకో వారం నది ఒడ్డున పడవ పోటీలు, ఆ తర్వాత తెల్లబట్టల టెన్నిస్, మధ్యలో ఎవరో ప్రభువుగారి తోటలో టీ. వీటన్నిటినీ కలిపి వాళ్ళు ‘సీజన్’ అంటారు. నాకు తెలిసిన సీజన్లు మామిడిపళ్ళదీ, పెళ్ళిళ్ళదీను. ఇలాంటిది ఇంకొకటి ఉందని నాకు చెప్పింది డాక్టర్ అంకుల్.

అంకుల్‌ది కృష్ణా జిల్లా. కుర్రతనంలోనే ఇంగ్లండ్ వెళ్ళి, అక్కడి ఆస్పత్రుల్లో కొన్నేళ్ళు పనిచేసి, ఆ తర్వాత సిడ్నీ వచ్చి స్థిరపడ్డారు. మేము ఆ ఊరి శివారు కెల్లీవిల్‌లో ఇల్లు కొనుక్కునేసరికే ఆయన రిటైరయ్యారు. నా పుట్టిల్లు తెనాలి అని తెలిసిన రోజునే ఆంటీ గోంగూర పచ్చడి సీసా పట్టుకుని మా ఇంటికొచ్చారు. అప్పటినుంచి ఆవిడంటే నాకు ఇష్టం. అంకుల్‌ని మాత్రం భరించడం అలవాటు చేసుకున్నాను. వాళ్ళ హాలు గోడల నిండా గుర్రాల బొమ్మలు. ఎవరైనా వెళ్ళి కూర్చుంటే చాలు, ఇంగ్లండ్‌లో ఏ పందేనికి ఏ రంగు కోటు వేసుకోవాలో, అడ్డంగా కోసిన దోసకాయ ముక్కల శాండ్‌విచ్ ఏ వేళకి తినాలో చెప్పేవారు. ఆంటీ వంటింట్లోంచి "కాఫీ చల్లారిపోతోంది, తాగనివ్వండి వాళ్ళని" అని కేకేసేవారు.

ఒక జనవరిలో, అంటే ఇక్కడి నడివేసవిలో, ఆయన మా ఇంటికొచ్చి, సోఫాలో కూర్చోకుండానే విషయం చెప్పారు. నగరానికి పడమటి వైపు నది పక్కన ఒక ఎస్టేటు ఉంది. ఆయనతో పాటు ఆస్పత్రిలో పనిచేసిన సర్జన్ ఒకాయన, ఆయన భార్య కలిసి ఏటా అక్కడ ‘ఇంగ్లిష్ సమ్మర్ డే’ చేస్తారు. గుర్రాల మీద పోలో ఆట, గుడారాల్లో టీ, టోపీలు, అన్నీ ఇంగ్లండ్‌లో ఉన్నట్టే. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తుంటే ఈసారి అంకుల్‌కి పిలుపొచ్చింది. వెంట ఒక కుటుంబాన్ని తీసుకురావచ్చన్నారు.

"మిమ్మల్నే తీసుకెళ్దామనుకున్నానమ్మా. మనవాళ్ళలో ఇలాంటివాటికి పనికొచ్చేది మీరే" అన్నారు.

ఆ ‘పనికొచ్చేది’ అన్న మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆయన వెళ్ళాక రానని చెప్పేశాను.

"ఒక్కసారి పోయొద్దాం తియ్. ఏమైతది? ఫొటోలన్న మంచిగొస్తయి" అన్నాడు మా ఆయన. ఆయనది వరంగల్. ఆఫీసులో పై మెట్టు ఎక్కాలంటే ఇలాంటి చోట్ల కనబడాలని ఎవరో నూరిపోశారు.

యూనివర్సిటీలో చదువుతున్న మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండా, "అమ్మా, నోబడీ కేర్స్ అబౌట్ ద హార్సెస్. ఇట్స్ డ్రెస్-అప్" అంది. దాని స్నేహితులందరూ ఇలాంటివాటికి ఎగబడి వెళ్తున్నారట. అద్దెకి దొరికే గౌనూ, అద్దెకి దొరికే టోపీ, ఒక పూట జమీందారీ వేషం, సాయంత్రానికి ఫొటోలు. ఆట ఎవరు గెలిచారో ఎవరికీ అక్కర్లేదు. నేను దాన్ని చూసి సిగ్గుపడాలో, మా అందరికన్నా అదే నిజం చెప్పిందని ఒప్పుకోవాలో తేలలేదు. చివరికి ఆంటీ ఫోన్ చేసి "నువ్వు రాకపోతే ఆ జనంలో నేను ఎవరితో మాట్లాడేది తల్లీ?" అంటే బయల్దేరాను.

ఆ రోజు పొద్దున్నే రేడియోలో వేడి నలభై దాటుతుందన్నారు. ఆరుబయట ఎక్కడా మంట పెట్టకూడదని, పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీలు కూడా వెలిగించకూడదని హెచ్చరిక. అంకుల్ మాత్రం తోకలున్న నల్లకోటు, లోపల వెయిస్ట్‌కోటు, మెడకి సిల్కు టై, నెత్తిన పొడుగు టోపీతో గుమ్మంలో నిలబడ్డారు. ఇంగ్లండ్‌లోనే కుట్టించుకున్నారట. ఆంటీకి బిగుతుగా ఉన్న లేతనీలం గౌను వేయించారు. నేను చీరే కట్టుకున్నాను. దానిమీద టోపీ తప్పదన్నారని, జుట్టుకి ఒక ఈకల పిన్ను గుచ్చుకున్నాను. అద్దంలో చూసుకుంటే ఏదో పిట్ట నా తలమీద వాలి చచ్చిపోయినట్టుంది.

దారిలో కారులో అంకుల్ ఒక సంగతి చెప్పారు. అది నేను అంతకుముందు వినలేదు. ఇంగ్లండ్‌లో చిన్న డాక్టరుగా ఉన్నప్పుడు, సెలవు దొరికితే రైలెక్కి, రాజకుటుంబం గుర్రబ్బళ్ళలో వచ్చే పందేలకి వెళ్ళారట. అద్దె కోటు వేసుకుని, గొప్పవాళ్ళు కూర్చునే లోపలి ఆవరణ గేటు దగ్గరికి వెళ్తే, అక్కడి మనిషి ఈయన్ని పైనుంచి కిందికి చూసి, వంటవాళ్ళ దారి అటువైపు అని చెయ్యి చూపించాడట.

"మరి మీరేమన్నారు అంకుల్?" అన్నాను.

"థాంక్యూ అన్నానమ్మా" అన్నారాయన.

వెనకసీట్లో మా అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. గేటు దగ్గరి ఆ మనిషి మీద నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆ పొడుగు టోపీల మందలోకి దూరాలని అన్నేళ్ళు ఆశపడ్డ అంకుల్ మీద వచ్చినంత రాలేదు.

ఎస్టేటుకి చేరాం. చుట్టుపక్కల కొండలన్నీ ఎండి గోధుమరంగులో ఉంటే, మైదానం ఒక్కటే పచ్చగా మెరుస్తోంది. ఎంత నీళ్ళు పోశారో అనుకున్నాను. నాలుగు అడుగులు వేశాక నా చీర అంచు చూసుకుంటే ఆకుపచ్చ మరకలు. ఎండిపోయిన గడ్డికి రంగు కొట్టారు. ఇంగ్లండ్ గడ్డిలా ఉండాలని.

మెత్తటి తాడు కట్టి జనాన్ని రెండుగా విడదీశారు. తాడుకి అటువైపు మెంబర్లు, వాళ్ళకి నీడ, పంకాలు, సోఫాలు. ఇటువైపు గొడుగులు. అంకుల్‌కి ఇచ్చిన బ్యాడ్జి చూసి, తాడు దగ్గర నిలబడ్డాయన నవ్వుతూ ఇటువైపే చూపించాడు. అంకుల్ మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. వెంటనే సర్దుకుని, "అతిథులకి ఇటువైపే బాగా కనబడుతుంది" అని మాకు సర్దిచెప్పారు.

శాండ్‌విచ్‌లు వచ్చాయి. అంచులు కోసేసిన బ్రెడ్డు ఆ వేడికి పైకి లేచి, ఎండిన తమలపాకుల్లా వంకర్లు తిరిగింది. స్ట్రాబెర్రీల మీది క్రీము విరిగింది. జనం వాటిని చేత్తో పట్టుకుని ఫొటోలు దిగి పక్కన పెట్టేస్తున్నారు. అమ్మాయిలు చెప్పులు మట్టిలో దిగబడుతుంటే ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వుతున్నారు. గుర్రాలు నోట నురగలు కక్కుతూ అటూ ఇటూ పరిగెత్తుతుంటే, వాటివైపు చూసినవాళ్ళు లేరు. పైగా ఇంగ్లండ్‌లో పుట్టనైనా పుట్టనివాళ్ళు, తాతముత్తాతలు ఈ దేశానికి ఖైదీలుగా ఓడల్లో వచ్చారో, మేకలు కాశారో తెలియనివాళ్ళు, మాటని ముక్కులోంచి లాగి ఇంగ్లండ్ యాస పెట్టి మాట్లాడుకుంటున్నారు. మావాళ్ళు హైదరాబాద్‌లో అమెరికా యాస పెడితే నవ్వుకునేదాన్ని. ఇంక నవ్వను.

మగవాళ్ళెవరూ కోట్లు విప్పలేదు. విప్పకూడదట. ఎండ మరీ ఎక్కువైతే నిర్వాహకులు మైకులో అనుమతిస్తారట, అప్పుడు విప్పాలి. అదీ సంప్రదాయం. మా ఆయన ఎప్పుడో విప్పి భుజాన వేసుకున్నాడు.

"కోటు తీసెయ్యండి. మొహం చూడండి ఎలా కందిపోయిందో" అన్నారు ఆంటీ.

"ఇంకా అనౌన్స్‌మెంట్ రాలేదు" అన్నారు అంకుల్.

"డాక్టరు చదివింది మీరా నేనా?"

ఆయన వినిపించుకోలేదు. మంచినీళ్ళు ఇస్తే రెండు గుక్కలు తాగి, గ్లాసు తిరిగి ఇచ్చారు.

ఆట మధ్యలో విరామం వచ్చింది. గుర్రాల డెక్కలకి లేచిన మట్టిపెళ్ళల్ని ప్రేక్షకులే వెళ్ళి కాళ్ళతో తొక్కి సర్దాలట. అదొక గొప్ప సరదా. మైకులో పిలవగానే టోపీల జనమంతా మైదానంలోకి నడిచారు. మా ఊళ్ళో మట్టి తొక్కినవాళ్ళకి కూలి ఇస్తారు. ఇక్కడ వీళ్ళు డబ్బు పోసి టోపీలు కొనుక్కొచ్చి తొక్కుతున్నారు. తాడు అటువైపువాళ్ళూ ఇటువైపువాళ్ళూ కలిసేది ఆ ఒక్క చోటే కాబట్టి, అంకుల్ ఆగలేదు. టోపీ సర్దుకుని నడిచి వెళ్ళి, తెల్ల టోపీ పెట్టుకున్న సర్జన్ భార్య పక్కన నిలబడి, మట్టిపెళ్ళ మీద కాలు పెట్టారు. ఆవిడతో ఏదో అనబోయారు. అలాగే మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగిపోయారు.

మా ఆయనా నేనూ పరిగెత్తాం. ఒళ్ళు కాలిపోతోంది. చెమట కూడా లేదు. కోటు గుండీలు బిగుసుకుపోయి ఊడిరాకపోతే నేను రెండు చేతులతో లాగి తెంపేశాను. "చల్లటిది ఏదన్నా పట్కరా!" అని మా ఆయన అరిచాడు. మా అమ్మాయి తాడు దాటి వెళ్ళి, ఎవరి బల్ల మీదో సీసాలు పెట్టిన ఐసు బకెట్టు ఎత్తుకొచ్చి, సీసాలు గడ్డిలో పారేసి, ఐసు నీళ్ళు ఆయన తలమీద, మెడమీద కుమ్మరించింది. ఆంటీ ఆయన చంకల్లో ఐసు ముక్కలు పెడుతూ, పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆవిడ ఆయన్ని పేరుతో పిలవడం అదే మొదటిసారి విన్నాను.

తాడు దగ్గరి మనిషి వచ్చి, వంగి, మర్యాదగా అడిగాడు. "ఈయన మెంబరేనా మేడమ్?"

"అంబులెన్సుని పిలువు" అన్నాను. తెలుగులోనే అన్నాను. అతనికి అర్థమైంది.

సర్జన్ భార్య కూడా వంగింది. పాపం, చాలా బాధగా ఉందంది. ఆట మళ్ళీ మొదలవుతుంది కాబట్టి ఈయన్ని గుడారం వెనక్కి మార్చడం కుదురుతుందా అని అడిగింది. అంబులెన్సు వెనక గేటులోంచి వస్తే బాగుంటుందని కూడా అంది. సర్జన్ ఎక్కడున్నాడో కనబడలేదు.

అప్పుడు మైకులో వ్యాఖ్యాత గొంతు వినబడింది. మన అతిథి ఒకాయనకి ఎండ కాస్త ఎక్కువైందనీ, లేకపోతే షాంపేన్ ఎక్కువైందేమోననీ అన్నాడు. మైదానం నిండా నవ్వులు. అంకుల్ జీవితంలో మందు ముట్టినవారు కాదు.

ఆ నవ్వులకే ఆయనకి స్పృహ వచ్చిందేమో తెలియదు. కళ్ళు తెరిచారు. చుట్టూ చూశారు. అందరూ నవ్వుతున్నారని గ్రహించి, పెదాలు కదిలించి, తనూ వాళ్ళతోపాటు నవ్వబోయారు. ఆ నవ్వు చూసినప్పుడు కలిగినంత అసహ్యం నాకు మరెప్పుడూ కలగలేదు. ఎవరి మీదని అడిగితే ఇప్పటికీ విడదీసి చెప్పలేను. ఆయన్ని వెనక గేటు నుంచే ఎక్కించారు. అంబులెన్సు కదులుతుంటే మైకులో ప్రకటన వచ్చింది, పెద్దమనుషులు ఇక కోట్లు విప్పుకోవచ్చని.

ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించి ఒక రాత్రి ఉంచుకుని పంపేశారు. నాలుగు రోజులాగి, మజ్జిగ పులుసూ కందిపచ్చడీ చేసి తీసుకెళ్ళాను. అంకుల్ తేరుకున్నారు. ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని, సర్జన్ దంపతులకి తాను పంపిన మెయిల్‌కి జవాబొచ్చిందని సంబరంగా చదివి వినిపించారు. ఈయన పంపింది క్షమాపణ. వాళ్ళ చక్కటి రోజుని పాడుచేసినందుకు. వాళ్ళు రాసింది రెండే వాక్యాలు. మీరు కోలుకున్నందుకు సంతోషం. వచ్చే ఏడాది అతిథుల సంఖ్య తగ్గించుకోవలసి వస్తోంది.

"ఎంత నాజూకుగా రాశారో చూడమ్మా" అన్నారు.

"రావద్దని రాశారు అంకుల్" అన్నాను.

"అదేనమ్మా. రావద్దనడం కూడా ఎంత బాగా చెప్తారో."

ఆంటీ చేతిలో ఉన్న గరిటె గిన్నెలో వేసేసి, "నేనింక ఏ పచ్చగడ్డిలోకీ రాను. మీరు ఏ రాజుగారి గుమ్మంలో పడిపోతారో పడిపోండి" అన్నారు. ఆయన తలూపి, సరే అన్నారు. నిజంగానే విన్నారనుకున్నాను.

వినలేదు. అప్పట్లో ఆయన్ని వంటవాళ్ళ దారి చూపించి పంపిన ఇంగ్లండ్ పందేల్లోనే, ఇప్పుడు లోపలి ఆవరణల్లో కొన్నింటికి ఆన్‌లైన్‌లో టిక్కెట్లు అమ్ముతున్నారు. పుట్టుక అడగరు, కార్డు ఉంటే చాలు. భోజనం, టీ, ఫొటో కలిపి ప్యాకేజీ. జూన్‌లో అంకుల్ ఒక్కరే వెళ్ళారు. మా ఆయన విమానాశ్రయంలో దింపి వచ్చి, "హుషారుగున్నడు పెద్దాయన" అన్నాడు.

ఆంటీ అదే వారం అడిలైడ్ వెళ్ళి, మాసన్ లేక్స్‌లో ఉంటున్న చెల్లెలి ఇంట్లో దిగారు. ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేశారు.

"టీవీలో ఆ పందేలు మళ్ళీ వేశారమ్మా. చెల్లెలు చూద్దామంది, ఎక్కడన్నా కనబడతారేమోనని. ఎంత వెతికినా దొరకలేదు. అందరిదీ అదే కోటు, అదే టోపీ. నల్లవాళ్ళెవరో తెల్లవాళ్ళెవరో కూడా తెలియడం లేదు అంత దూరంనుంచి."

"మరేం చేశారు ఆంటీ?"

"ఏం చేస్తాం. కట్టేసి పెసరట్లు వేసుకున్నాం. అల్లం బాగా దొరుకుతోంది ఇక్కడ. నువ్వూ పిల్లా రెండు రోజులు రాకూడదూ?" అన్నారు.

టిక్కెట్లు చూస్తానని చెప్పి, మా అమ్మాయిని కేకేశాను.