చేతికివ్వని కత్తి

మా అత్త అసిరమ్మ కత్తిని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. నేల మీద పెట్టేది. కావలసినవాళ్ళు వంగి తీసుకోవాలి. చేతికిస్తే ఎడబాటు వస్తుందని వాళ్ళమ్మ గంజాం నుంచి రంగూన్‌కి ఓడలో తెచ్చుకున్న నమ్మకం. నాది రెండో తరగతి చదువు. ఆమె గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు ఉండొచ్చు గానీ, ఆ కత్తి ఇప్పుడు నా దగ్గర ఉంది. అందుకని నేనే రాస్తున్నాను.

కూరలు తరిగే కత్తి కాదది. బర్మావాళ్ళు దా అంటారు. మూరెడు పొడుగు, కొస వైపు వెడల్పు, వెనక వైపు మందం, పిడికి బెత్తం చుట్టి ఉంటుంది. సైన్యం పాలనలో బర్మా బయటి ప్రపంచానికి తలుపులు మూసుకుని కూర్చున్న ఆ ఏళ్ళలో కిరసనాయిలు సరిగా దొరికేది కాదు. రంగూన్‌లోని తామ్వే పేటలో మా చెక్క ఇంటి ముందు అత్త ఆ కత్తితోనే కట్టెలు చీల్చేది, కొబ్బరికాయలు కొట్టేది, వానకి ఒరిగిన దడి బాగుచేసేది. పని అయ్యాక కొబ్బరినూనె గుడ్డతో తుడవనిదే అన్నం ముందు కూర్చునేది కాదు.

ఎనభై ఎనిమిది ఆగస్టులో నా భర్త జోగి, సైన్యం పాలన పోవాలని తీసే ఊరేగింపుకి జెండా కర్రలు కొట్టాలని ఆ కత్తి అడిగాడు. అత్త పిండి కలుపుతోంది.

"బేగి ఇటియ్యే అమ్మా, ఆళ్ళెల్లిపోతన్నారు!"

తొందరలో ఆమె మోకాలి పక్కనున్న కత్తి తీసి అతని చేతిలో పెట్టేసింది.

మధ్యాహ్నం ఎదురింటి బర్మా ఆవిడ ఆయే ఆయే, ఆ కత్తిని తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. కర్రలు కొట్టడం అయ్యాక జోగి ఆమెకి అప్పజెప్పి వెళ్ళాడట. అతను మాత్రం రాలేదు. సైన్యం కాల్చిన తూటా తగిలి పడిపోవడం చూసినవాళ్ళు ఉన్నారు. శవాన్ని మాకివ్వలేదు.

"సేతికిచ్చీసినాను కోడలా," అంది అత్త. ఒక్కసారే అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చింది నేను.

కొన్నాళ్ళకి వీధి మొదట్లో జనం వెదురుతో అడ్డుకట్ట కట్టి, టార్పాలిన్ కింద శిబిరం పెట్టారు. అత్త కత్తి పట్టుకుని అక్కడికి వెళ్ళింది. వార్డు గుమాస్తా జా మిన్ అప్పుడు సమ్మెలో ఉన్నాడు. ఆమెని చూసి బర్మా భాషలో, పెద్దవయసు ఆడవాళ్ళని పిలిచే ‘డో’ చేర్చి, "డో అసిరమ్మా, కాలు తెగుతుంది, ఇంటికెళ్ళి చారు కాచుకో," అని నవ్వాడు.

"ముందు నీ కాలు పక్కకి తియ్యి," అంది.

వెదురు మీద ఆమె అడ్డంగా వేటు వేసేది కాదు. కణుపు కింద, ఏటవాలుగా, రెండే దెబ్బలు. చీల్చాలంటే కత్తిని వెదురు తల మీద ఆనించి, దాని వెనక వైపు కర్రముక్కతో తట్టేది. తట్టేకొద్దీ వెదురు రెండుగా విచ్చుకుపోయేది. ఆ పూట టార్పాలిన్ తాళ్ళకి వెదురు మేకులు చెక్కింది. వానకి తడిసిన కట్టెల బెరడు తీసి, లోపలి పొడి చెక్కని సన్నగా పేళ్ళు తీసి, పొయ్యి రాజేసి, అందరికీ గంజి కాచింది. జా మిన్ గంజి తాగుతూ, "మా శిబిరానికి పెద్ద సిపాయి ఈ అవ్వే," అన్నాడు.

"సిపాయి అని నన్ను తిట్టకు," అంది అత్త.

సెప్టెంబరులో సైన్యం దిగింది. అడ్డుకట్టలు మా చేతే పీకించారు. తర్వాత ఇంటింటికీ వచ్చి పొడుగు కత్తులు పట్టుకుపోసాగారు. ఒక ఉదయం మా ఇంటికి సార్జెంటు వచ్చాడు. అతని ముందు, సమ్మె ముగిసి మళ్ళీ కొలువులో చేరిన జా మిన్, జాబితా పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇచ్చీ అత్తా, నీ కాళ్ళట్టుకుంటాను," అన్నాను తలుపు వెనక నుంచి.

"నువ్వు నోరుముయ్యే గుంటా."

అత్త కత్తి తెచ్చి, తనకీ సార్జెంటుకీ మధ్య నేల మీద పెట్టింది.

"చేతికియ్యి," అన్నాడతను.

"కింద పెట్టాను. తీసుకో."

"నీ ముందు నేను వంగాలా, ముసలిదానా?"

"నా కొడుకు చేతికి ఒకసారి ఇచ్చాను. వాణ్ణి మీరు తిరిగి పంపలేదు. ఇంకెవరి చేతికీ ఇవ్వను."

వీధి వీధంతా కిటికీల్లోంచి చూస్తోంది. సార్జెంటు జా మిన్‌ని తియ్యమన్నాడు. జా మిన్ నడుము సగం వంగింది.

"తియ్యి నాయనా," అంది అత్త. "నా గంజి తాగిన చెయ్యే కదా."

జా మిన్ నిటారుగా లేచాడు. "నడుం పట్టేసింది, సార్," అన్నాడు.

ఎదురింట్లో ఎవరో కిసుక్కుమన్నారు. సార్జెంటు మొహం కందిపోయింది. బూటుకాలితో కత్తిని ఒక్క తన్ను తన్నాడు. అది మురుగుకాలవలో పడింది. "అక్కడే తుప్పు పట్టనీ," అని పక్కింటికి నడిచాడు.

అత్త కాలవలోకి దిగి, మోచేతిదాకా బురదలో పెట్టి కత్తిని తీసింది. కడిగింది. నూనె రాసింది. అతను నాలుగో ఇంట్లో ఉండగానే వీధిలోకి ఒక దుంగ దొర్లించుకొచ్చి కొట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు మాకు కట్టెలు అవసరం లేదు, వంటింటి మూల నిండా ఉన్నాయి.

"సాల్లే అత్తా, ఎందుకిప్పుడు?"

"ఆడికి ఇనబడాల," అంది, చెయ్యి ఆపకుండా.

ఇన్నేళ్ళ తర్వాత, పోయిన నెల అత్త చనిపోయింది. రెండు రోజుల ముందు ఆ కత్తి తెమ్మంది. తెచ్చి మంచం మీద పెట్టాను. మంచం మీంచి దాన్ని మెల్లగా నేల మీదకి జార్చి, నా వైపు చూసింది. వంగి తీసుకున్నాను.

వంటింటి మూల నిండా కట్టెలున్నా, ఈ పొద్దున దుంగ నేనే కొట్టాను. వీధిలోనే కొట్టాను.